నల్లమల నుంచి నల్లగొండ దాకా: దక్షిణ తెలంగాణ చూడటానికి వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది దేవరకొండ దిక్కు. చాలా ఏళ్లుగా చుట్టాలను, దోస్తులను, వాళ్ల పిల్లలను వెంటబెట్టుకుని ఈ నేలంతా తిప్పుతున్నాను. ప్రతిసారీ అవే ప్రశ్నలు వస్తాయి కాబట్టి జవాబులన్నీ ఒక్కచోట రాసిపెడుతున్నాను. ముందుగా ఒక మాట. ఇక్కడ అడవిని, చరిత్రను విడదీసి చూడలేం. కృష్ణమ్మ ఈ నేల అంచుల్లో లోతున పారుతుంది. ఒడ్డున ఉన్న ఊళ్లు కొన్ని ఆ నీళ్లలో మునిగాయి, మిట్టన ఉన్న ఊళ్లు ఆ నీళ్లు అందక వలస పోయాయి, ఇంకొన్ని బోరులోంచి వచ్చిన విషాన్ని తాగాయి. మీరు చూసే ప్రతి డ్యాం, ప్రతి గుడి ఈ కథలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. కింద రాసిందంతా ఆ దారం పట్టుకునే రాశాను.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి? ఏ తొవ్వన రావాలి?

అంతా చూడాలంటే ఆరు రోజులు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు పడితే కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటాక మన్ననూరు వస్తుంది. అసలు అడవి అక్కడ మొదలు. అమ్రాబాద్ అడవికి రెండు రోజులు ఇవ్వండి. తర్వాత అచ్చంపేట, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్, సోమశిల. అక్కడి నుంచి పెబ్బేరు, బీచుపల్లి దాటి అలంపురం. తిరుగు ప్రయాణంలో 44వ నంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల దాకా వచ్చి, ఓపిక ఉంటే మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు మళ్లొచ్చు. చివరి రెండు రోజులు నల్లగొండకు: సాగర్, దేవరకొండ, మర్రిగూడ, చౌటుప్పల్, పోచంపల్లి.

రెండు రోజుల్లో అన్నీ చూపించమని అడిగేవాళ్లకు నల్లమల ఒక్కటి చూసి వెళ్లమని చెప్తాను. ఊళ్లన్నిటికీ ఆర్టీసీ బస్సులున్నాయి గానీ అడవి లోపలి చోట్లకు సొంత బండి కావాల్సిందే.

ఏ కాలం మంచిది?

ఆగస్టు నుంచి జనవరి దాకా. ఆగస్టులో కృష్ణకు వరద వస్తే శ్రీశైలం, సాగర్ గేట్లు ఎత్తుతారు. నవంబరు, డిసెంబరుల్లో అడవి ఇంకా పచ్చగా ఉంటుంది, చలి ఓర్చుకోదగ్గదే. అయితే వానాకాలంలో అడవిశాఖ సఫారీ ఆపేస్తుంది. డ్యాం నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి చూడాలన్నా, అడవి లోయలో జరిగే సలేశ్వరం జాతరకు పోవాలన్నా ఎండాకాలమే రావాలి.

అమ్రాబాద్‌లో పులి కనిపిస్తుందా?

కనిపించదనుకునే రండి. కనిపిస్తే మీ అదృష్టం. ఇది 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకున్న అడవి. 1983లో ప్రకటించిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగంగా ఉండేది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు ముక్క అమ్రాబాద్ పేరుతో వేరైంది. పులి దొరక్కపోయినా దుప్పులు, కణుతులు, మనుబోతులు, అడవి పందులు చాలాసార్లు కంటబడతాయి. పొద్దున్నే పోతే ఎలుగుబంటి కూడా. పిల్లలకు నేను చెప్పేది, పులి మీద ఆశ పక్కనబెట్టి చెట్టు కొమ్మల్లో బెట్టుడుతను వెతకమని. ఎర్రటి ఒళ్లు, బారెడు తోక. ఒక్కసారి చూశారంటే ఇంటికెళ్లాక కూడా దాని మాటే.

ఫరహాబాద్ వ్యూపాయింట్ మీద నిలబడితే నల్లమల అంచు తెగి కింద మైదానం మొత్తం కనిపిస్తుంది. ఆ చోటంతా ఒకప్పుడు నిజాం నవాబుల వేట అడవి. పేరు కూడా వాళ్లు పెట్టిందే, సంతోషాన్నిచ్చే చోటని అర్థం. వేటకు వచ్చినవాళ్ల బంగళాల గురించి అందరూ చెప్తారు. అప్పుడు ఆ అడవిలోనే బతుకుతున్న మనుషుల గురించి మాత్రం ఎవరో అడిగితే తప్ప చెప్పరు. వాళ్ల సంగతి కింద రాశాను.

రాత్రిపూట శ్రీశైలం రోడ్డు మీద పోనిస్తారా?

పోనివ్వరు. రాత్రి 9 గంటల నుంచి పొద్దున 6 దాకా అడవిలో రాకపోకలు బంద్. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరొకటి, దోమలపెంట దగ్గరొకటి గేట్లున్నాయి. బండ్ల కింద పడి జంతువులు చస్తున్నందుకే ఈ ఏర్పాటు. గేటు దగ్గర బతిమాలుతూ నిలబడేకంటే అచ్చంపేటలోనో మన్ననూరులోనో రాత్రికి ఆగండి. పగలు కూడా కోతులకు తిండి విసరొద్దు. ఆ తిండికి అలవాటుపడి రోడ్డు మీదికొచ్చి టైర్ల కింద పడుతున్నాయి.

చెంచుల పెంటలకు పోయి చూడొచ్చా?

ఈ ప్రశ్న ఎక్కువమంది అడుగుతారు, నాకు ఎక్కువ బాధ కలిగించే ప్రశ్న కూడా ఇదే. చూడటానికి అక్కడున్నది బొమ్మలు కాదు, మన మనుషులు. పెంట అంటే చెంచుల గూడెం. అడవి లోపల ఉన్న అప్పాపూర్, భౌరాపూర్ లాంటి పెంటలకు అడవిశాఖ అనుమతి లేకుండా పోకూడదు. పని లేకుండా అసలే పోకూడదు. రోడ్డు పక్కనున్న వటవర్లపల్లి, మన్ననూరులో చెంచులు మీకు ఎలాగూ కలుస్తారు. అక్కడ కూర్చుని మాట్లాడండి. పెద్దవాళ్లను తాతా, అవ్వా అనండి, తోటివాళ్లను అన్నా, అక్కా అనండి. మనిషి కనిపించగానే ఫోన్ తీయొద్దు. పిల్లలకు బిస్కెట్లు విసిరి ఫొటోలు తీసుకున్న బృందాన్ని నా కళ్లతో చూశాను. ఆ రోజు నేను తలెత్తుకోలేకపోయాను. సారా సీసాలు పట్టుకుపోయేవాళ్లు చేసే చెడు దానికి పదింతలు.

తెలుసుకోవాల్సింది చాలా ఉంది. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త అమ్రాబాద్ కొండల మీదికి వచ్చి చెంచుల మధ్య ఉన్నాడు. గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, కాయా పండూ ఏరుకుని బతికే వాళ్ల జీవితాన్ని రాశాడు. 1943లో అది పుస్తకంగా వచ్చింది. తర్వాత 1970లలో ప్రభుత్వం వీళ్లను ఆదిమ తెగల జాబితాలో చేర్చింది. మన్ననూరులో ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది. ఇన్ని జరిగినా, అడవి ఎవరిదన్న పంచాయితీ మాత్రం తెగలేదు. నిజాం కాలంలో వేటకోసం, ఆ తర్వాత కలపకోసం, ఇప్పుడు పులికోసం అడవికి కొత్త కొత్త హద్దులు గీశారు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్లకు హక్కులు ఇచ్చింది. మరోపక్క కొన్ని పెంటలను అడవి బయటికి తరలించే పని నడుస్తోంది. పోతామనేవాళ్లూ ఉన్నారు, చచ్చినా కదలమనేవాళ్లూ ఉన్నారు. నా మట్టుకు నేను, కదలమన్నవాళ్లను కదిలించే హక్కు ఎవరికీ లేదంటాను.

తేనె సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. కొండచరియ అంచుకు తేనెపట్టు ఉంటే, చెంచు మనిషి పైనుంచి తాడు మీద కిందికి దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకునేది అతని బామ్మర్ది. తన చెల్లెలి పసుపు కుంకుమలు తన చేతిలో ఉన్నాయి కాబట్టి వదలడని నమ్మకం. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి ఆయన కూడా వీళ్లకు బావే. శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లన్న అంటారు. దేవుడితో ఇంత చుట్టరికం కలుపుకున్న జనం నాకు ఇంకెక్కడా కనబడలేదు.

యురేనియం గొడవ ఏమైంది?

నల్లమలలో యురేనియం కోసం తవ్వకాల మాట వచ్చినప్పుడు అమ్రాబాద్, పదర మండలాల జనం రోడ్డు మీదికొచ్చారు. చెంచులతోపాటు రైతులు, పట్నంలోని చదువుకున్న పిల్లలు కూడా నిలబడ్డారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఇప్పటికీ ఆ ఊళ్లలో కొత్త జీపు ఆగితే ఎవరు, ఎందుకొచ్చారని అడుగుతారు. నొచ్చుకోకుండా చెప్పండి.

సలేశ్వరం జాతరకు కుటుంబంతో పోవచ్చా?

నడవగలిగితే పోవచ్చు. చైత్ర పౌర్ణమి ముందూ వెనకా కొద్ది రోజులే తొవ్వ తెరుస్తారు. రాళ్ల మీద, ఇరుకు అంచుల మీద కిలోమీటర్ల కొద్దీ నడిచి లోయలోకి దిగాలి. దిగేటప్పుడు ‘వస్తున్నం లింగమయ్యా’ అంటారు, ఎక్కేటప్పుడు ‘పోతున్నం లింగమయ్యా’ అంటారు. లోయ మొత్తం ఆ కేకతో మోగుతుంది. పూజారులు చెంచులే. ఎండ మండిపోతుంది. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లను, చంటిపిల్లలను తీసుకుపోవద్దు. వాళ్లకు మల్లెలతీర్థం చూపించండి. అక్కడా మూడొందలకు పైగా మెట్లు దిగాలి గానీ రైలింగు ఉంది, రద్దీ తక్కువ.

అడవిలో నక్సలైట్ల భయం ఉందా?

ఇప్పుడు లేదు. అయితే ఆ గతాన్ని తెలియకుండా దాటిపోవద్దు. 1948లో నిజాం రాజ్యం మీద భారత సైన్యం చేసిన పోలీసు చర్య తర్వాత, తెలంగాణ సాయుధ పోరాట దళాలు నల్లగొండ మైదానాలు వదిలి తలదాచుకున్న అడవుల్లో నల్లమల ఒకటి. తర్వాతి తరంలో నక్సలైట్లు వచ్చారు. ఇక్కడివాళ్లు వాళ్లను అన్నలు అంటారు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు వాళ్ల నాయకులు బయటికొచ్చింది నల్లమలలోంచే. చర్చలు నిలవలేదు. ఆ ఏళ్లలో రాత్రి అన్నలకు అన్నం పెట్టినందుకు పొద్దున పోలీసులు కొట్టారు, పోలీసులతో మాట్లాడినందుకు రాత్రి అన్నలు కొట్టారు. యాభై దాటిన ఎవరిని కదిపినా ఇదే చెప్తారు. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి, గుచ్చి గుచ్చి అడగొద్దు.

సోమశిల దగ్గర నది కింద ఊళ్లున్నాయంటారు, నిజమా?

నిజం. కొల్లాపూర్ దాటి సోమశిల ఘాట్ మీద నిలబడితే ముందు సముద్రంలా కనిపించేది శ్రీశైలం డ్యాం వెనక నీళ్లు. అవతలి గట్టు కొండ సిద్ధేశ్వరం. మధ్యలో ఉన్నవి ఊళ్లు.

శ్రీశైలం డ్యాంకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. డ్యాం లేచి నీళ్లు నిలిచే వేళకు, 1981లో, అటు కర్నూలు జిల్లాలో, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాలో కలిపి దాదాపు వంద ఊళ్లను ఖాళీ చేయించారు. ఖాళీ చేయించారన్నది మెత్తటి మాట. ఇళ్లు కూలగొట్టారు. మాగాణి ఉన్న రైతు ఒక్క రోజులో రాళ్ల గుట్ట మీద గుడిసె వేసుకున్నాడు. చేతికొచ్చిన పరిహారం పూట గడవడానికే అయిపోయింది. ముంపు కుటుంబానికో ఉద్యోగమని 98 నంబరు జీవో వచ్చింది. ఆ జీవో కాయితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి తండ్రులు పోయారు, కొడుకులు ముసలివాళ్లయ్యారు. కొల్లాపూర్‌లో ‘తొంభై ఎనిమిది’ అంటే చాలు, ఇంకో మాట చెప్పక్కర్లేదు.

గుళ్లకు మాత్రం వేరే దారి దొరికింది. రాళ్లకు నంబర్లు వేసి, విప్పి, మిట్ట మీద మళ్లీ పేర్చారు. సోమశిలలో ఉన్న సోమేశ్వరాలయాల గుంపు అలా వచ్చిందే. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా. ఆ గుళ్లను చూసి సంతోషపడతాను. రాయికి చేసిన ఈ పని మనిషికి చేయలేదన్న బాధ కూడా వెంటనే వస్తుంది. రెండూ కలిసే వస్తాయి, నేనేం చేయలేను.

ఎండాకాలం నీళ్లు తగ్గితే కర్నూలు వైపున సంగమేశ్వరం గుడి కొన్ని నెలలు బయటపడుతుంది. ఆ రోజుల్లో ముంపు ఊళ్ల పెద్దవాళ్లు కొందరు ఆరిన ఒండ్రు మీద నడుస్తూ కనిపిస్తారు. ఇక్కడ మా ఇల్లు, అక్కడ మా బావి అని వేలెత్తి చూపుతారు. వాళ్ల పక్కన పది నిమిషాలు నడవండి.

అక్కడ పడవ ఎక్కొచ్చా?

లైఫ్ జాకెట్ ఇస్తేనే ఎక్కండి, జనం ఎక్కువైతే దిగిపోండి. 2007 జనవరి 18న కొల్లాపూర్ దగ్గర మంచాలకట్ట రేవులో పడవ మునిగి 61 మంది పోయారు. జాతర కోసం నది దాటుతున్న జనం. నది మీద వంతెన లేకపోవడం వల్ల పడవ తప్ప దిక్కులేని రోజులవి. సోమశిల–సిద్ధేశ్వరం వంతెన కావాలని ఈ ప్రాంతం అడిగీ అడిగీ అలసిపోవడం వెనక ఆ 61 మంది ఉన్నారు.

అలంపురంలో ఏం చూడాలి?

తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మ ఆలయాలు. ఏడో శతాబ్దంలో బాదామి చాళుక్యులు మొదలుపెట్టినవి. పేరు బ్రహ్మదే అయినా లోపలున్నది శివలింగాలు. స్వర్గబ్రహ్మ గుడి గోడల మీద శిల్పాలకు కనీసం గంట పడుతుంది. పక్కనే జోగులాంబ గుడి. పాతది దండయాత్రల్లో కూలిపోగా, ఇప్పటిది 2005లో కట్టారు. ఊరికి కొంచెం దూరంలో కూడవెల్లి సంగమేశ్వరాలయం, పాపనాశి గుళ్లు ఉన్నాయి. ఇవి శ్రీశైలం ముంపులోంచి తరలించినవే. ఊరికీ నదికీ మధ్య పెద్ద రక్షణ గోడ కనిపిస్తుంది, అదీ ఆ డ్యాం వెనక నీళ్లను ఆపడానికే. 2009 అక్టోబరు వరదలో ఆ గోడ ఉన్నా అలంపురం మునిగింది.

పాలమూరు అంటే వలసలే అంటారు. ఇప్పుడూ అలాగే ఉందా?

మారింది, పూర్తిగా పోలేదు. ముందు పాత సంగతి చెప్పాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద 1890లో ఈ ఊరు మహబూబ్‌నగర్ అయింది గానీ జనం నోట్లో పాలమూరే. కృష్ణ, తుంగభద్ర రెండూ ఈ జిల్లాను ఒరుసుకునే పారుతాయి. కాకపోతే నది పల్లంలో, చేను మిట్టన. ఎత్తిపోస్తే తప్ప నీళ్లు రావు. ఎత్తిపోసే ఆలోచన దశాబ్దాల పాటు ఎవరికీ రాలేదు. వాన తక్కువ, చెరువులు పూడిపోయాయి, మంచి భూమి కొద్దిమంది చేతుల్లో. ఇంక బతుకు ఏముంది?

మేస్త్రీ ఊళ్లోకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేదాకా మొగుడూ పెళ్లాం పని చేయాలి. ముసలి తల్లికి పిల్లలను అప్పగించి, తలుపుకు ముళ్లకంప అడ్డం పెట్టి పోయేవాళ్లు. ఆనకట్టలు, కాలువలు, రైలు కట్టలు, బొంబాయి బంగ్లాలు. దేశంలో ఎక్కడ మట్టి పని పడ్డా ‘పాలమూరు లేబర్’ అన్న పేరు వినిపించేది. నాగార్జునసాగర్ కట్టడంలో రాళ్లు మోసినవాళ్లలోనూ వీళ్లున్నారు. తమ ఊరికి చుక్క రాని నీళ్ల కోసం కట్ట కట్టారు. నారాయణపేట, కోస్గి వైపు పెద్దవాళ్లకు ‘బొంబాయి బస్సు’ అంటే ఒక్క బస్సు గుర్తుకు రాదు, వరసగా ఏళ్లకేళ్లు గుర్తుకొస్తాయి.

కృష్ణ మీద జూరాల ప్రాజెక్టు వచ్చింది, తర్వాత నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చాయి. నీళ్లు పారిన చోట వరి కనిపిస్తుంది, నాట్లు వేయడానికి రాయచూరు నుంచీ, ఒడిశా, బీహార్ నుంచీ కూలీలు దిగుతున్నారు. ఒకప్పుడు వలస పోయిన ఊరికే వలస రావడం చూస్తే కడుపు నిండుతుంది. అయితే ఒక్క మాట అడగాలని ఉంటుంది నాకు. వచ్చిన ఆ పిల్లలకు మనం పడుకోవడానికి ఏ చోటిస్తున్నాం? బొంబాయిలో ఫుట్‌పాత్ మీద పడుకున్న మన పెద్దలు గుర్తుంటే పశువుల కొట్టం చూపించం. నీళ్లు రాని మండలాల్లో ఇప్పటికీ తాళాలు పడ్డ ఇళ్లు ఉన్నాయి.

పిల్లలకు నచ్చే చోట్లు?

మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి. ఏడొందల ఏళ్లదని చెప్పుకునే మర్రిచెట్టు, ఊడలు దిగి ఎకరాల కొద్దీ పాకింది. చెదలు పట్టి కొమ్మలు విరిగినప్పుడు, 2018లో, మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. పిల్లలు దాన్ని ఎప్పటికీ మరచిపోరు.

నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో ముడుమాల్ నిలువురాళ్లు. మనిషికి రెండింతల ఎత్తున్న రాళ్లు, మూడు వేల ఏళ్ల కిందట మనుషులు నిలబెట్టినవి. ఒక బండ మీద సప్తర్షి మండలం గుంటలు చెక్కి ఉంది. 2025లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఊళ్లోవాళ్లు నిలువురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు కాబట్టి ఎక్కి కూర్చోవద్దు. తొవ్వ పొడుగునా కృష్ణ జింకల మందలు దుముకుతుంటాయి. మనకు ముచ్చట, అక్కడి రైతుకు పంట నష్టం.

నాగార్జునసాగర్‌లో డ్యాం కాకుండా ఏముంది?

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. 124 మీటర్ల ఎత్తున్న రాతి కట్టడం, 26 గేట్లు. నీళ్ల కింద ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉంది. ముంచే ముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన స్తూపాలను, విహారాలను నాగార్జునకొండ మీదికి చేర్చారు. లాంచీ మీద పోయి మ్యూజియం చూడొచ్చు. శుక్రవారం మూసి ఉంటుంది. ఇటు నల్లగొండ గట్టున ఏలేశ్వరం అనే పాత ఊరు కూడా అలాగే తవ్వి, అలాగే మునిగింది. దాని పేరు ఇప్పుడు ఎవరూ ఎత్తరు, అందుకే రాస్తున్నాను.

ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరి పొలాలు కళకళలాడతాయి. కాలువకు పైన ఉన్న దేవరకొండ, మునుగోడుకు ఆ నీళ్లు ఎక్కలేదు.

ఫ్లోరైడ్ ఊళ్లలో నీళ్లు తాగొచ్చా? అక్కడికి పోవడం సరైనదేనా?

నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు తాగొచ్చు, బోరు నీళ్లు వద్దు. మరగబెడితే పోతుందని కొందరు అనుకుంటారు. పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపురం మండలాల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతిలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. నీళ్లు ఎంత లోతున, ఎంతకాలం రాతిని అంటిపెట్టుకుని ఉంటే అంత ఫ్లోరైడ్ దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. వానలు లేక బోర్లు లోతుకు పోయేకొద్దీ విషం పెరిగింది. ముందు పళ్లు పసుపు పచ్చగా మారతాయి. తర్వాత కీళ్లు బిగుస్తాయి, వెన్ను వంగుతుంది. ఒకసారి వంగిన ఎముకకు మందు లేదు. మర్రిగూడ వైపు ఇచ్చిన మా మేనత్త నలభై ఏళ్లకే మంచం పట్టుకుని లేచేది. ఆమె పళ్లను చూసి మేం చిన్నప్పుడు నవ్వేవాళ్లం. అదేమిటో తెలిసే వయసు వచ్చేసరికి ఆమె లేదు.

సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసింది. ప్రపంచమంతా దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు. మా జిల్లా పేరు అలా శాస్త్ర పుస్తకాలకెక్కింది. మా జిల్లా నుంచే 2004 తర్వాత హైదరాబాద్‌కు కృష్ణా తాగునీళ్లు పైపుల్లో పోయాయి. ఇక్కడి గూడేలకు ఇంటింటి నల్లా రావడానికి అటుపైన మరో పదేళ్లు దాటింది. చౌటుప్పల్ దగ్గర రోడ్డు పక్కన కనిపించే మిషన్ భగీరథ పైలాన్ దాని గుర్తు. కొత్తగా పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. పోయి చూడాల్సింది అదే, బడి వదిలే వేళకు. వంగిన మనుషులను చూడటానికి పోవద్దు.

దోమలపెంట దగ్గర సొరంగంలో ప్రమాదం జరిగింది కదా, అదెక్కడ?

శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వి, ఎత్తిపోతల అవసరం లేకుండా నల్లగొండకు నీళ్లు తేవాలన్నది ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) ఆలోచన. మా ఫ్లోరైడ్ ఊళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసిన నీళ్లవి. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి, బురద ముంచెత్తి లోపల 8 మంది చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. నెలల తరబడి వెతికితే ఇద్దరి దేహాలే దొరికాయి. అక్కడికి సందర్శకులను పోనివ్వరు, పోవాలని అడగొద్దు. ఆ దగ్గర్లోనే ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టులో మంటలకు తొమ్మిది మంది పోయారు. దోమలపెంట మీదుగా పోయేటప్పుడు నేను బండి కాసేపు ఆపుతాను.

సాయుధ పోరాటం జరిగిన చోట్లు చూడాలంటే?

అప్పటి నల్లగొండ జిల్లా ఇప్పుడు ముక్కలైంది కాబట్టి కొంచెం తిరగాలి. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య దొర గూండాల తూటాకు పడిపోయిన కడవెండి, చాకలి ఐలమ్మ విసునూరు దొరకు ఎదురుతిరిగి పంట కాపాడుకున్న పాలకుర్తి, రెండూ ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్నాయి. భువనగిరిలో 1944లో ఆంధ్రమహాసభ జరిగాక ‘సంగం’ అని జనం పిలిచే ఆ సభ ఊరూరా పాకింది. వెట్టి చేసేవాడి నోట ‘బాంచెన్ దొరా, కాల్మొక్త’ పోయి గుత్ప (దుడ్డుకర్ర) చేతికొచ్చింది. రజాకార్లు చంపినవాళ్ల స్తూపం చిట్యాల దగ్గర గుండ్రాంపల్లిలో, విజయవాడ హైవే మీదే ఉంది. రోజూ వేల కార్లు దాన్ని చూడకుండా దాటిపోతాయి.

1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య అయిదు రోజుల్లో నిజాం రాజ్యాన్ని ముగించింది. పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా సాగింది. 1952 ఎన్నికల్లో నల్లగొండ జనం రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిపించారు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్తాను. పోలీసు చర్య తర్వాత నిజాం రాజ్యంలో, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లింలు వేలల్లో చనిపోయారు. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ సంగతి రాసింది, ఆ నివేదిక చాలా ఏళ్లు బయటికి రాలేదు. స్తూపం దగ్గర నిలబడి ఒక పక్క శవాలనే లెక్కపెట్టేవాళ్లతో నేను ఏకీభవించను. మా ఊళ్లో రజాకార్లకు భయపడి పరుగెత్తిన ఇల్లూ ఉంది, ఆ తర్వాత మా తాత గడ్డివాములో దాచిన సాయిబుల కుటుంబమూ ఉంది. ఇప్పటికీ జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకు అన్ని కులాలవాళ్లూ పోతారు, పీర్ల పండుగకు నిప్పులగుండం చుట్టూ అందరూ ఆడతారు.

పోచంపల్లి చీరల కోసమేనా?

చీరలకు పోయినా మంచిదే, మగ్గం ముందు కూర్చుని దారానికి రంగు ఎలా అద్దుతారో చూడండి. అయితే 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊళ్లోనే దళితుల మధ్య కూర్చుని ఏం కావాలని అడిగితే భూమి కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. సాయుధ పోరాటం ఇంకా ఆగకముందే, అదే జిల్లాలో.

తిండి సంగతి?

జొన్నరొట్టె, పచ్చిపులుసు, నాటుకోడి కూర. నల్లగొండ వైపు తపాలచెక్క అడగండి. సాగర్ వెనక నీళ్ల దగ్గర చేపల కూర కారంగా ఉంటుంది, పిల్లలకు ముందే చెప్పండి. అడవిలోకి సద్ది కట్టుకుపోండి, ప్లాస్టిక్ మాత్రం తీసుకుపోవద్దు.

ఇంటికి ఏం కొనుక్కుపోవాలి?

మన్ననూరులో గిరిజన సహకార సంస్థ అమ్మే తేనె. రోడ్డు మీద సీసాల్లో అమ్మే తేనెలో చాలా మటుకు బెల్లప్పాకం. కొల్లాపూర్ మామిడి పళ్లు ఎండాకాలంలో, గద్వాల చీర ఎప్పుడైనా. దసరా ముందూ వెనకా వస్తే, 44వ నంబరు రోడ్డు మీద బాలానగర్ దగ్గర సీతాఫలాల తట్టలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుంటారు. తెల్లారకముందే గుట్టలెక్కి కోసుకొచ్చినవి. సూపర్‌మార్కెట్‌లో అడగని బేరం అక్కడ అడగొద్దు. కళ్లు విచ్చుకున్న కాయలు మీద పెట్టుకోండి, గట్టివి కింద. ఇంటికి చేరేసరికి పైవి పండుతాయి.